ఊరు విడిచినవాళ్లకే ఊరి పేరు

బ్రిటన్ ప్రకృతి చిత్రాల గురించి క్రితం నెల రాస్తూ, అటెన్‌బరో అనేది ఇంగ్లండ్‌లో చాలా అరుదైన ఇంటిపేరు అని ఒక్క మాట అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్ని ఉత్తరాలు వచ్చాయి. ఇంటిపేర్ల చరిత్ర నాకు ప్రాణం కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, గాంధీ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో, జంతువుల కార్యక్రమాల డేవిడ్ అటెన్‌బరో అన్నదమ్ములేనా? ఆ ఇంటిపేరు ఎక్కడ పుట్టింది? అంత అరుదు ఎందుకయింది?
— డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: అన్నదమ్ములే. రిచర్డ్ 1923లో, డేవిడ్ 1926లో, వాళ్లిద్దరి తర్వాత జాన్ 1928లో పుట్టారు. రిచర్డ్ మనకు దగ్గరయింది 1982లో వచ్చిన గాంధీ సినిమాతో. ఆ సినిమా తీయమని 1962లోనే ఆయనకు ఫోను చేసి అడిగింది లండన్‌లోని భారత హైకమిషన్‌లో పనిచేసే మోతీలాల్ కొఠారి. ఆ మాట పట్టుకుని రిచర్డ్ ఇరవై ఏళ్లు తిరిగారు. డేవిడ్ గురించి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు.

ఇక పేరు సంగతి. నాటింగ్‌హామ్ నగరానికి నైరుతి దిక్కున, ట్రెంట్ నది ఒడ్డున అటెన్‌బరో అనే చిన్న ఊరు ఉంది. ఇంటిపేరు ఆ ఊరిదే. కందుకూరి, వేటూరి, రాయప్రోలు అనగానే మనకు ఊళ్లు వినిపిస్తాయి కదా, ఇదీ అలాంటిదే.

ఆ ఊరికి ఆ పేరెలా వచ్చిందన్నది ఇంకా పాత కథ. ఇప్పుడు మనం 'ట' పలికేచోట 12వ శతాబ్ది పత్రాలలో 'డ' ఉంది. అడిన్‌బుర్ఖ అన్నట్టుగా రాశారు. అడ్డ అనో ఎడ్డి అనో పిలిచే ఒక మనిషికి చెందిన కోట అని స్థలనామ పండితులు తేల్చారు. పేరు చివరనున్న 'బుర్హ్' అంటే ప్రాకారం కట్టుకున్న నివాసం. కాంటర్‌బరి, పీటర్‌బరోల చివర ఉన్నది కూడా అదే. ఆ అడ్డ ఎవరో, ఏం చేశాడో ఏ పత్రంలోనూ లేదు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు 1066లో ఇంగ్లండ్‌ను గెలవడానికి చాలా ముందే అతను కట్టుకున్న గోడ మట్టిలో కలిసింది. అతని పేరు మాత్రం ఈనాటికీ టెలివిజన్ తెర మీద కనిపిస్తోంది. ఇంటిపేర్ల మీద నాకున్న మమకారానికి మూలం ఇటువంటి సంగతులే.

ఒక జాగ్రత్త చెప్పాలి. మధ్యయుగపు ఆంగ్లంలో 'అటెన్' అంటే 'ఫలానా దాని దగ్గర' అని. ఓక్ చెట్ల దగ్గర ఉండేవాడు నోక్స్ అయ్యాడు, ఆష్ చెట్టు దగ్గరివాడు నాష్ అయ్యాడు. అందుకని అటెన్‌బరోను కూడా అదే వరుసలో చేర్చి 'కోట దగ్గరివాడు' అని చెప్పాలనిపిస్తుంది. ఊరి పేరు విషయంలో అది కుదరదు. పాత పత్రాలలోని 'డ' అడ్డం పడుతుంది. పేరు ఇప్పుడు ఎలా వినిపిస్తోందన్నదాన్ని బట్టి అర్థం చెప్పడం ప్రమాదం. అందుబాటులో ఉన్న అతి పాత రాత ఏదో ముందు చూసి, ఆ తర్వాతే నోరు విప్పాలి. మన ఊళ్ల పేర్లకు స్థలపురాణాలు అల్లేవాళ్లకూ నేనెప్పుడూ ఇదే చెబుతుంటాను.

ఈ ముగ్గురు అన్నదమ్ముల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో గురించి మన దగ్గర ఎవరూ చెప్పుకోరు. ఆయన పుట్టింది 1887లో, స్టేపుల్‌ఫర్డ్‌లో. అది అటెన్‌బరో గ్రామానికి నాలుగైదు కిలోమీటర్ల దూరం, అంతే. ఇంటిపేరు పుట్టి ఆరేడు వందల ఏళ్లు గడిచినా ఆ శాఖ ఊరి పొలిమేరల్లోనే ఉండిపోయింది. రొట్టెలు కాల్చి అమ్మే ఇంటి పిల్లవాడు కేంబ్రిడ్జ్‌లో చదివి, ప్రాచీన ఆంగ్లంలో పండితుడై, 1932 నుంచి 1951 దాకా లెస్టర్ విశ్వవిద్యాలయ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఇంగ్లండ్ తొలి రాజుల చట్టాలను అనువదించి 1922లో ప్రచురించారు. ఆ చట్టాలలో ఆల్‌ఫ్రెడ్ రాజుది ఒకటుంది. ఒకరి 'బుర్హ్'లోకి గోడ పగలగొట్టుకుని చొరబడితే ఎంత జరిమానా కట్టాలో అందులో వరుసగా ఉంటుంది. రాజుగారి నివాసమైతే 120 షిల్లింగులు, ఆర్చిబిషప్‌దైతే 90. సామాన్య రైతు కంచె దాటి చొరబడితే 5. తన ఇంటిపేరులో నిలిచిపోయిన పదాన్నే ఆ పాత చట్టంలో చదివి ఆధునిక ఆంగ్లంలోకి తెచ్చిన మనిషి ఆయన.

ఇప్పుడు అరుదు సంగతికి వద్దాం. ఇంగ్లండ్‌లో తరతరాలకూ నిలిచే ఇంటిపేర్లు నార్మన్ల తర్వాతే మొదలయ్యాయి. ముందు భూస్వాములకు వచ్చాయి, ఆ తర్వాత మెల్లగా సామాన్యులకు. 1400 నాటికి ఇంగ్లండ్‌లో చాలా కుటుంబాలకు ఇంటిపేరు స్థిరపడింది. వృత్తిని బట్టి వచ్చిన పేర్లు దేశమంతా వందల చోట్ల విడివిడిగా పుట్టాయి. కమ్మరి లేని ఊరు లేదు, అందుకే స్మిత్‌లకు లెక్క లేదు. ఒక చిన్న ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే మాత్రం దారి ఒక్కటే. ఎవరో ఒకరు ఆ ఊరు విడిచి వెళ్లాలి. అటెన్‌బరోలో ఉండేవాణ్ణి అటెన్‌బరోవాడు అని ఎవరూ పిలవరు, ఊరంతా అటెన్‌బరోవాళ్లే కదా. పక్క ఊరికి కాపురం మారినవాణ్ణో, నాటింగ్‌హామ్‌లో పనికి కుదిరినవాణ్ణో అలా పిలుస్తారు. అతని కొడుకు ఆ ఊరి మొహం చూడకపోయినా ఆ పేరే మోస్తాడు.

దీనికి ఎదురు సాక్ష్యం ఆ ఊళ్లోనే ఉంది. అటెన్‌బరో గ్రామంలో పుట్టినవాళ్లలో చరిత్రకెక్కిన మనిషి హెన్రీ ఐర్టన్. రాజరికాన్ని కూలదోసిన ఆలివర్ క్రామ్‌వెల్ అల్లుడు, సేనాని, మొదటి ఛార్లెస్ రాజుకు మరణశిక్ష విధించిన పత్రం మీద సంతకం చేసినవారిలో ఒకడు. 1611లో అక్కడి సెయింట్ మేరీ చర్చిలో అతనికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ ఇంటిపేరు చూడండి. ఐర్టన్ అనేది పక్కనున్న డర్బీషైర్‌లోని ఊరు. ఐర్టన్ నుంచి వచ్చినవాళ్లు అటెన్‌బరోలో ఐర్టన్‌లయ్యారు, అటెన్‌బరో నుంచి వెళ్లినవాళ్లు ఇంకెక్కడో అటెన్‌బరోలయ్యారు. ఇటువంటి ఇంటిపేరు ఒక వలసకు నిలిచిపోయిన గుర్తు. వలస వెళ్లినవాడి పేరు ఏ గ్రంథంలోనూ ఉండదు, అతను బయల్దేరిన చోటు మాత్రం అతని మనవళ్ల మనవళ్ల సంతకంలో ఉంటుంది.

ఒక చిన్న ఊరు, దాన్ని విడిచి వెళ్లిన నలుగురో అయిదుగురో, వాళ్లలోనూ కొడుకులు బతికినవాళ్లు కొందరే. 1348లో వచ్చిపడిన మహమ్మారి ఇంగ్లండ్ జనంలో మూడో వంతు మొదలు సగం దాకా ఊడ్చుకుపోయింది. ఎన్ని పేర్లు పుట్టిన తరంలోనే పోయాయో లెక్కలేదు. మిగిలినవాటిలో ఇదొకటి.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో అటెన్‌బరో పక్షుల కేంద్రం అని ఉందట. ఆ ఊరికి, ఆ కేంద్రానికి డేవిడ్‌గారి గౌరవార్థం ఆ పేరు పెట్టారా?
— ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: కాదండీ, తిరగేసి చూడాలి. ఊరి పేరు వంశానికి వచ్చింది, ఆ ఊరి పేరే అభయారణ్యానికీ వచ్చింది. అక్కడ 1929 నుంచి ట్రెంట్ నది ఒడ్డున కంకర తవ్వారు. ఆ గుంతల్లో నీళ్లు నిండి చెరువులయ్యాయి, పక్షులు చేరాయి. 1966లో దాన్ని అభయారణ్యంగా ప్రారంభించింది మాత్రం డేవిడ్ అటెన్‌బరోనే. తన వంశానికి పేరిచ్చిన నేల మీద ఆయన నిలబడిన రోజది.

మా అమ్మాయి ఆ పక్కనే బీస్టన్‌లో ఉంటుంది. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు ఆ చెరువు గట్ల మీదే నడిచేదాన్ని. నడక ముగిసే చోట సెయింట్ మేరీ చర్చి. పక్షుల కోసం వచ్చేవాళ్లు చాలామంది ఆ చర్చి ఆవరణలోకి తొంగి చూడరు, చూడాలని నా కోరిక. 1918 జులై 1న దగ్గరలోని చిల్‌వెల్ ఫిరంగి గుండ్ల కర్మాగారం పేలిపోయి 134 మంది పనివాళ్లు చనిపోయారు. వాళ్లలో గుర్తుపట్టగలిగింది 32 మందిని మాత్రమే. తక్కినవాళ్లను ఆ ఆవరణలోనే సామూహికంగా పూడ్చారు. ఎవరు ఎవరో తెలియకుండా మట్టిలో కలిసిన ఆ మనుషులు ఇళ్ల దగ్గర పేర్లూ ఇంటిపేర్లూ ఉన్నవాళ్లే. ఊరి చరిత్ర అడిగారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

ప్రశ్న: అటెన్‌బరోలందరూ ఒకే మూలపురుషుడి సంతానమని డీఎన్ఏ పరీక్షలో తేలిందని మా తరగతిలో విన్నాను. ఇంటిపేరుకూ డీఎన్ఏకూ సంబంధం ఏమిటి? మనలో ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లందరూ కూడా ఒకే రక్తమా?
— బయోటెక్నాలజీ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మీరు విన్నది దాదాపు నిజమే. ఆ 'దాదాపు'లోనే అసలు విషయం ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఇంగ్లండ్‌లో ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. డీఎన్ఏను మోసే పోగుల్లో మగవాళ్లకే ఉండే వై క్రోమోజోమ్ కూడా తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది, అదీ పెద్దగా మారకుండా. రెండూ ఒకే దారిలో నడుస్తాయి కాబట్టి ఒకే ఇంటిపేరున్న మగవాళ్ల వై క్రోమోజోములు పోల్చి చూస్తే వాళ్లది ఒకే వంశమో కాదో తెలియాలి. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరి కింగ్, మార్క్ జోబ్లింగ్ ఈ పని చేశారు. 1984లో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ వేలిముద్రలను కనిపెట్టిన విశ్వవిద్యాలయం అదే. ఫ్రెడరిక్ అటెన్‌బరో ప్రిన్సిపాల్‌గా ఉన్న కళాశాలే తర్వాత ఆ విశ్వవిద్యాలయం అయింది.

వాళ్లు 2009లో ప్రచురించిన అధ్యయనంలో 40 బ్రిటిష్ ఇంటిపేర్లకు చెందిన 1,678 మంది మగవాళ్లు ఉన్నారు. వై క్రోమోజోమ్ మీద కొన్ని చోట్ల చిన్న డీఎన్ఏ ముక్కలు వెంటవెంటనే మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక్కో చోట ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టుకుంటూ పోతే ఒక అంకెల వరుస వస్తుంది. ఇద్దరి వరుసలూ ఒకటే అయినా, ఒకటి రెండు చోట్ల మాత్రమే తేడా ఉన్నా, వాళ్లకు దగ్గరి కాలంలో ఉమ్మడి తాత ఉన్నాడన్నమాట. స్మిత్‌లను అలా పోలిస్తే దారిన పోయే ఇద్దరిని పోల్చినట్టే ఉంది, ఏ పోలికా లేదు. అటెన్‌బరోల దగ్గరికి వచ్చేసరికి పరీక్షించినవాళ్లలో 87 శాతం మంది ఒకే రకానికి చెందారు. స్పెల్లింగు తేడాగా రాసుకునేవాళ్లు కూడా అందులోనే చేరారు. ఇంగ్లండ్ మొత్తం మీద ఆ రకం అంతగా కనిపించదు కాబట్టి కాకతాళీయం అనడానికి వీల్లేదు.

అంటే మొదట ఊరు విడిచింది ఒక్కడేనా? అలా చెప్పలేం. చాలామంది ఇక్కడే పొరపడతారు. పదిమంది వేర్వేరు వంశాలవాళ్లు అటెన్‌బరో అనే పేరుతో బయల్దేరి ఉండవచ్చు. తరతరానా కొందరికి కొడుకులు లేక, కొందరికి పుట్టినవాళ్లు దక్కక, ఒక్కొక్క శాఖే ఆగిపోయి చివరికి ఒకే ఒక్క శాఖ విస్తరించి ఉండవచ్చు. పేరు ఎంత అరుదైతే ఇలా ఒక్క శాఖే మిగిలే అవకాశం అంత ఎక్కువ. కింగ్, జోబ్లింగ్ ఈ సంగతిని కంప్యూటర్ మీద కూడా నమూనా కట్టి చూశారు. 87 శాతం చెప్పేది ఈనాటి అటెన్‌బరోలలో అత్యధికులు ఒకే మనిషి సంతానమని. ఆ మనిషి కాలంలో అదే పేరుతో ఇంకెవరూ లేరని కాదు.

మిగిలిన 13 శాతం మాటేమిటి అని మీలాంటి విద్యార్థి తప్పక అడుగుతారు. పెంపకానికి వచ్చిన పిల్లలు, తల్లి ఇంటిపేరే ఉంచుకున్న పెళ్లికాని తల్లుల బిడ్డలు, ఆస్తి కోసం మేనమామ పేరు పెట్టుకున్నవాళ్లు, వివాహేతర సంబంధాల వల్ల పుట్టినవాళ్లు, అందరూ అందులో ఉంటారు. తరానికి సగటున నూటికి ఒకటి నుంచి నాలుగున్నర దాకా ఇలా దారి మారుతుందని అదే అధ్యయనం అంచనా కట్టింది. నన్నడిగితే ఇవన్నీ కుటుంబాలే. 1939లో బెర్లిన్ నుంచి తప్పించుకొచ్చిన ఇద్దరు యూదు బాలికలను ఫ్రెడరిక్, ఆయన భార్య మేరీ తమ ఇంట్లో చేర్చుకుని ఏళ్ల తరబడి పెంచారు. ఆ ముగ్గురు అబ్బాయిలకూ వాళ్లు అక్కచెల్లెళ్లయ్యారు. దీన్ని ఏ క్రోమోజోమూ నమోదు చేయదు.

దీనికి జోడుగా ఇంకొకటి చెప్పాలి. 2007లో అదే లెస్టర్ బృందం యార్క్‌షైర్‌కు చెందిన ఒక అరుదైన ఇంటిపేరు గురించి రాసింది. ఆ కుటుంబాల గోప్యత కోసం పేరు బయటపెట్టలేదు. తెల్లని ఆంగ్లేయుడు ఒకాయన తన నమూనా ఇస్తే, అప్పటిదాకా పశ్చిమాఫ్రికా మూలాలున్నవాళ్లలోనే కనిపించిన వై క్రోమోజోమ్ రకం అందులో బయటపడింది. అదే ఇంటిపేరున్న మరికొందరిని వెతికి పరీక్షించారు. 18 మందిలో ఏడుగురికి అదే రకం. వాళ్ల వంశవృక్షాలు 1780ల దాకా యార్క్‌షైర్‌లోనే ఉన్నాయి. తమ తాతలలో ఒక ఆఫ్రికావాడు ఉన్నాడని వాళ్లలో ఒక్కరికీ తెలియదు. అతను బానిస వ్యాపారం రోజుల్లో వచ్చాడో, రోమన్ సైన్యంతో ఇంకా ముందే వచ్చినవాడి సంతతో చెప్పడం కష్టం. ఇంటిపేరు పాతదని, అచ్చమైనదని గొప్ప చెప్పుకునేవాళ్లకు ఈ యార్క్‌షైర్ కథ వినిపించాలి. పేరు అరుదు కావడం వల్లే అతని జాడ మనకు దొరికింది. అతను ఏ స్మిత్‌ల మధ్యో కలిసిపోయి ఉంటే ఎప్పటికీ దొరికేవాడు కాదు.

మన ఇంటిపేర్ల విషయానికి వస్తే, ఒకే ఇంటిపేరుంటే ఒకే రక్తం అని చెప్పడానికి వీల్లేదు. ఒకే ఊరి పేరు నాలుగైదు కులాలవాళ్లకు ఇంటిపేరై ఉండటం మీరే చూసి ఉంటారు. ఊరు పెద్దదైతే విడిచి వెళ్లినవాళ్లూ ఎక్కువే. వాళ్లకు ఉమ్మడి ఊరు ఉంది, ఉమ్మడి తాత ఉండాలని లేదు.

ప్రశ్న: మాకు ఇద్దరూ ఆడపిల్లలే. మా ఇంటిపేరు ఉన్నవాళ్లం మూడు నాలుగు కుటుంబాలమే మిగిలాం. నా తర్వాత మా ఇంట్లో ఆ పేరు ఉండదు. ఇంటిపేర్లు నిజంగా అంతరించిపోతాయా?
— విశ్రాంత పోస్టుమాస్టర్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. మా పుట్టింటి పేరుకూ ఇదే పరిస్థితి. కాబట్టి పైపై ఓదార్పు మాటలు చెప్పను.

పోతాయండీ. ఇది మీ ఒక్కరి దిగులు కాదు, గణితశాస్త్రంలో ఒక శాఖ పుట్టడానికి కారణమైన దిగులు. ఇంగ్లండ్‌లో ఒకప్పటి ప్రముఖ కుటుంబాల పేర్లు ఒక్కొక్కటే కనుమరుగు కావడం చూసి, ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త 1873లో ఉపాధ్యాయులు చదివే ఒక పత్రికలో పాఠకులకు ఒక లెక్క ఇచ్చాడు. ఒక దేశంలో ఇంతమంది మగవాళ్లున్నారు, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఇంటిపేరు. వీళ్లలో ఇంతమందికి కొడుకులు లేరు, ఇంతమందికి ఒకడు, ఇంతమందికి ఇద్దరు. కొన్ని తరాల తర్వాత ఎన్ని పేర్లు మిగులుతాయి? ఇదీ ప్రశ్న. హెన్రీ వాట్సన్ అనే మతగురువు జవాబు పంపాడు. పత్రికలో పాఠకుల ప్రశ్నకు వచ్చిన ఆ జవాబు మీదే నేటికీ ఒక సిద్ధాంతం నిలబడి ఉంది. పరమాణు కేంద్రకాల విచ్ఛిత్తి ఎలా గొలుసుకట్టుగా పాకుతుందో, అంటువ్యాధి ఎప్పుడు ఆగిపోతుందో లెక్క కట్టేవాళ్లు ఇప్పటికీ గాల్టన్, వాట్సన్‌ల పేరే చెబుతారు. ఇలాంటి శీర్షిక రాసే నాకు ఈ కథ ఎంత ఇష్టమో చెప్పలేను.

వాట్సన్ మాత్రం చివరికి అన్ని పేర్లూ పోవలసిందే అని తేల్చాడు. అది సరి కాదు. 1930లో డెన్మార్క్‌కు చెందిన స్టెఫెన్‌సన్ దాన్ని సరిగా పూర్తి చేశాడు. ఆ లెక్క మళ్లీ తెరిపించింది ఎర్లాంగ్. టెలిఫోను లైన్ల రద్దీని కొలిచే పద్ధతి కనిపెట్టిన ఆ ఎర్లాంగే. ఆయన తల్లి పుట్టింటి పేరు క్రారుప్. డెన్మార్క్‌లో పేరున్న ఆ వంశం ఇక ముగిసేలా ఉందన్న చింతతో ఆయన ఆ సమస్యను పట్టుకున్నాడు. సారాంశం ఇది. మనిషికి సగటున ఒక కొడుకు కంటే ఎక్కువ ఉండే జనాభాలో ఏ పేరుకైనా నిలిచే అవకాశం కొంత ఉంటుంది. సగటు ఒకటి దగ్గర ఆగినా, అంతకు తగ్గినా, ఎంత ఆలస్యంగానైనా పేరు పోతుంది. మూడు నాలుగు ఇళ్లకే పరిమితమైన పేరుకు ఎప్పుడూ గండమే. అటెన్‌బరో కూడా ఒకప్పుడు అలా మూడు నాలుగు ఇళ్ల పేరే.

అయితే ఆ లెక్కలో కూతుళ్లను లెక్కపెట్టలేదు. అది గణితం నియమం కాదు, సంఘం పెట్టుకున్న నియమం. పెళ్లయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకోవాలని ఇంగ్లండ్‌లో చట్టం లేదు, మన దేశంలోనూ లేదు. అలవాటు ఉంది, అంతే. పిల్లల ఇంటిపేరు గురించి కూడా చెబుతాను. 2022 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసులోనిదే. భర్త చనిపోయి మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లికి తన బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని అందులో చెప్పారు. మీ అమ్మాయిలకు ఆ పేరు మీద మమకారం ఉంటే ఉంచుకోవచ్చు, బిడ్డలకూ ఇవ్వవచ్చు. లేకపోతే బలవంతం చేయకండి. ఏ దారైనా, ఈ ఏడాదే మీరొక పని చేయండి. మీ ఇంటిపేరు ఏ ఊరిది, ఎవరు ఎప్పుడు అక్కడి నుంచి వచ్చారు, మీ తాతగారికి ముందు మీకు తెలిసిన పేర్లు ఏవి, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. పేరు మోసేవాళ్లు లేకపోయినా పేరు చదివేవాళ్లు ఉంటారు.

ప్రశ్న: మేము డర్బీలో ఉంటాం. మా పక్కింటి పెద్దాయన ఇంటిపేరు కూడా అటెన్‌బరోలాంటిదే, చివర మాత్రం 'బారో' అని రాస్తారు. తమది వేరే పేరని ఆయన అంటారు. ఆయన వంశం గురించి వెతకడానికి సాయం చేయాలని మా అబ్బాయికి ఉత్సాహంగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— గృహిణి, డర్బీ, ఇంగ్లండ్

జవాబు: మీ అబ్బాయికి నా ఆశీస్సులు. స్పెల్లింగు తేడాను చూసి వేరే పేరని అనుకోనక్కర్లేదు. చర్చి గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్న రోజులవి. చాలామందికి సంతకం చేయడం రాదు, ఆయన రాసిందే పేరు. ఒకే తండ్రి పిల్లలకు మూడు రకాలుగా రాసిన రిజిస్టర్లు ఉంటాయి. పైన చెప్పిన పరీక్షలో స్పెల్లింగులు వేరైనవాళ్లు కూడా ఒకే వంశమని తేలింది కదా. అందుకని వెతికేటప్పుడు అన్ని రకాల స్పెల్లింగులూ వేసి చూడమనండి.

వెనక్కి నడవడమే పద్ధతి. పెద్దాయన పుట్టిన ఊరు, ఆయన తండ్రి, తాత పుట్టిన ఊళ్లు ముందు అడగండి. జననాలు, పెళ్లిళ్లు, మరణాలు ప్రభుత్వం నమోదు చేయడం 1837లో మొదలైంది. పదేళ్లకొకసారి జరిగే జనగణన వివరాలు 1841 నుంచి పేర్లతో సహా దొరుకుతాయి. వందేళ్లు నిండితే గాని వాటిని తెరవరు. 1921 నాటివి 2022 జనవరిలో తెరిచారు. 1931 నాటివి 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల జనగణనే జరగలేదు. ఆ ఖాళీని పూరించేది 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైన వెంటనే తీసిన జనాభా రిజిస్టరు. 1881 జనగణనను కుటుంబ చరిత్ర సంఘాల కార్యకర్తలు పేరు పేరునా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అరుదైన పేరు వెతికేవాళ్లు అక్కడ ఆగి చూడాలి. పేరున్న ఇళ్లన్నీ ఏ జిల్లాలో గుమిగూడి ఉన్నాయో కనిపిస్తే అది పుట్టిన చోటు దాదాపు తెలిసినట్టే.

1837 కంటే వెనక్కి వెళ్లాలంటే చర్చి రిజిస్టర్లే దిక్కు. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో అవి మొదలయ్యాయి, అన్ని ఊళ్లలోనూ మొదటి నుంచీ దొరకవు. డర్బీషైర్, నాటింగ్‌హామ్‌షైర్ రెండింటికీ జిల్లా రికార్డు కార్యాలయాలు ఉన్నాయి. లండన్ దారి పట్టిన శాఖలూ ఉన్నాయి. 19వ శతాబ్దిలో అటెన్‌బరో పేరుతో నడిచిన తాకట్టు దుకాణాలు లండన్‌లో ప్రసిద్ధం. పెద్దాయన తాతలు డర్బీలోనే ఉన్నారంటే మీ పని సులువు. డర్బీ రిజిస్టర్లతో మొదలుపెట్టి, అటెన్‌బరో చుట్టుపక్కల ఉన్న చిల్‌వెల్, స్టేపుల్‌ఫర్డ్, బీస్టన్ రిజిస్టర్లకు వెళ్లండి. దొరికిన ప్రతి కాగితం మీదా తేదీ, ఊరు, అక్కడ పేరు ఎలా రాసి ఉందో అక్షరం మార్చకుండా రాసుకోమని మీ అబ్బాయికి చెప్పండి. సరిచేసి రాసుకుంటే ఆధారం పోతుంది.